చెరో కాలు

స్కూటరు కార్బురేటరు జెట్టును పెదాల మధ్య పెట్టుకుని గట్టిగా ఊది, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు భిక్షపతి. సూదిమొనంత రంధ్రంలోంచి ఆకాశం కనిపిస్తే జెట్టు శుభ్రమైనట్టు. కనిపించలేదు. మళ్ళీ ఊదాడు. నాలుక మీద పెట్రోలు చురుక్కుమంది. ఆ రుచి ఆయనకు అలవాటే. పొద్దున తాగే టీలోనూ అదే ఉంటుంది.

ఆ వెలుతురుకు ఎవరో అడ్డం వచ్చి నిలబడ్డారు. గిరాకీ అనుకుని, సాయంత్రం రమ్మన్నాడు తల ఎత్తకుండా. మనిషి కదల్లేదు. కాళ్ళు చూశాడు. ఆడమనిషి చెప్పులు, ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు గుచ్చి ఉంది.

"అన్నా, నేను మాణిక్యమ్మను."

జెట్టును రేకు డబ్బాలో పడేశాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఒకసారి చూసి, మళ్ళీ దించుకున్నాడు. జగదీశ్వర్ భార్య. ఒకప్పుడు చెల్లె అని పిలిచేవాడు. ఇప్పుడు ఏమీ పిలవలేదు. కూర్చోమని కూడా అనలేదు.

ఆమె నిలబడే చెప్పింది. జగదీశ్వర్‌ను దవాఖాన నుంచి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంకా చేసేదేమీ లేదన్నారు. సంతోష్‌నగర్‌లో ఇంట్లోనే పడుకోబెట్టారు. ముద్ద దిగడం లేదు, నీళ్ళు కూడా దూదితో తడిపి పెడుతున్నారు. తెలివి మాత్రం ఉంది. రాత్రి నుంచి భిక్షపతిని పిలవమంటున్నాడు.

"ఒక్క మాట చెప్పాలంటుండు అన్నా. నాకు చెప్పమంటే చెప్తలేడు. నీకే చెప్తడంట."

పోయే ముందు అందరికీ ఒక మాట గుర్తొస్తుంది, బతికినన్నాళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నారో, అనుకున్నాడు భిక్షపతి. పైకి అనలేదు. క్షమించమంటాడు, ఇంకేమంటాడు. ఇన్నేళ్ళు మోసిన తప్పు తన చేతిలో పెట్టి, తేలిగ్గా పోదామనుకుంటున్నాడు.

"పనుంది. అయినంక వస్త."

"జల్ది రా అన్నా. ఉంటడో లేదో."

"వస్త అన్న గదా."

ఆమె ఆటో దాకా నడిచి వెళ్ళడం చూశాడు. పిన్నీసు గుచ్చిన చెప్పు మడమ కింద టపటపమంటోంది. ఒకప్పుడు ఆమె పండుగ పండుగకు ఈ కొట్టుకు సకినాలు పంపేది. ఇప్పుడు మొగుడు ఫంక్షన్‌హాలు వాచ్‌మన్. అతను బండిలో వేసిన సీలు మనిషిని తిన్నదని ఒకసారి పేరు పడ్డాక ఈ ఛత్రినాకలోనే కాదు, పాతబస్తీలో ఎక్కడా ఎవరూ బాగుచేయమని బండి ఇవ్వలేదు. ఆ పేరు పెట్టింది భిక్షపతే. అందులో ఆయనకు పశ్చాత్తాపం లేదు.

స్కూటరును గోడకు జరిపాడు. కొట్టు వెనక మూలకు వెళ్ళి టార్పాలిన్ పట్టుకుని లాగాడు. ఏళ్ళ నాటి దుమ్ము ముఖం మీదికి లేచింది. కింద పాత యెజ్డీ మోటారుసైకిలు. ముందు చక్రం సొట్టపడి ఉంది. చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు కొంచెం వెనక్కి ఒరిగి, దెబ్బ తిన్న ఎద్దు మోకాలు మడిచినట్టుంది.

భార్య స్వరూప పోయినప్పటి నుంచి ఆ బండి మీద చెయ్యి పెట్టలేదు. అమ్మమని అడిగినవాళ్ళను తిట్టి పంపాడు. విప్పి చూడరాదా అని అడిగినవాళ్ళతో, తెలిసిందాన్ని విప్పి చూసే తీరిక తనకు లేదన్నాడు. ఎంత తీరిక లేని మనిషో గాని, మధ్యాహ్నాలు స్టూలు మీద కూర్చుని రోడ్డు మీద పోయే చక్రాలు చూస్తూ ఉండేవాడు.

ఈ రోజు విప్పాలి. జగదీశ్వర్ తలకిందులుగా పెట్టిన ఆ సీలును, ఫోర్కులో నూనె కారకుండా ఆపే ఆ రబ్బరు చుట్టును, బయటికి తీయాలి. జేబులో వేసుకుని పోయి, అతను నోరు తెరవకముందే మంచం మీద పెట్టాలి. ఇదిగో, నువ్వు చెప్పబోయేది ఇదే. అంతే. ఆ తర్వాత పోతే పోనీ.

బండిని వాకిట్లోకి ఈడ్చి, నడి స్టాండు వేసి, ఇంజను కింద చెక్క దిమ్మె దోపాడు. ముందు చక్రం గాల్లోకి లేచింది. పక్క కొట్టు పురుషోత్తం సేటు పసుపు కుంకుమల గంపలు సర్దుతూ చూశాడు.

"ఏందయ్యా భిక్షపతీ, ఇన్నేండ్లకు దానికి తానం పోస్తున్నవా? ముహూర్తం ఎవరు పెట్టిండ్రు?"

"నీ పని నువ్వు చూస్కో సేటూ."

"నా పని చూస్కునే ఉన్న. నీ తీరు చూస్తె బండిని విప్పుతున్నట్టు లేదు. ఎవన్నో కొట్టనీకి పోతున్నట్టున్నది."

భిక్షపతి డీజిల్ డబ్బా తీశాడు. బిగుసుకున్న ప్రతి నట్టు మీదా బ్రష్షుతో డీజిల్ అద్దాడు. తుప్పు తాగే దాకా ఆగాలి. ఇనుముతో తొందర పనికిరాదు. మెదక్ వైపు పల్లెలో ఏడో తరగతితో బడి మానేసి పట్నం వచ్చినప్పుడు, ఉస్తాదు ఆయనకు నేర్పిన మొదటి సంగతి అదే. ఆ ఉస్తాదు దగ్గరే, అదే నెలలో చేరాడు జగదీశ్వర్. ఒకే పళ్ళెంలో తిన్నారు. ఒకే చాప మీద పడుకున్నారు. కొట్టు పెట్టినప్పుడు బోర్డు మీద రెండు పేర్లూ రాయించారు. ఇప్పుడు ఒక పేరు మీద నల్లరంగు ఉంది.

ఫోర్కు పని వస్తే ఇద్దరూ కలిసి కూర్చునేవారు. చక్రం తీసేసిన ఖాళీలో ఎదురెదురుగా రెండు పీటలు. ఫోర్కు రెండు గొట్టాల్లో కుడి కాలు భిక్షపతిది, ఎడమ కాలు జగదీశ్వర్‌ది. ఒకరి కాలును ఇంకొకరు ముట్టేవారు కాదు. ఎవరూ చెప్పిన పద్ధతి కాదది, పనిలో అలా కుదిరిపోయింది. అందులో ఒక సుఖముంది. తర్వాత నూనె కారితే, ఏ కాలు కారిందో చూస్తే చాలు. తప్పు ఎవరిదో అడగక్కర్లేదు.

ఈ యెజ్డీకి సీళ్ళు మార్చిన రోజు కూడా అంతే. బోనాల ముందు వారం. భిక్షపతి తన కాలు ముందుగా ముగించి, నల్లా దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. స్వరూప టిఫిను డబ్బా తెచ్చింది. ఆయన తిరిగి వచ్చేసరికి ఆమె జగదీశ్వర్ పీట పక్కన వంగి ఏదో అంటోంది. అతను తల అడ్డంగా ఊపుతూ నవ్వుతున్నాడు. ఈయన్ని చూసి ఇద్దరూ ఆగిపోయారు.

ఏంది నవ్వుతున్నరు అని అడిగాడు. ఏం లేదు, అన్నం సల్లారుతది రా అంది ఆమె.

బోనాలు వెళ్ళిన నెలకు, వానలో, శాలిబండ దిగుడు మీద ముందు పోయే ట్రాలీ ఆటో ఆగింది. యెజ్డీ నడుపుతున్న భిక్షపతి బ్రేకు పిండితే లివరు హ్యాండిలు దాకా వచ్చింది గాని బండి ఆగలేదు. స్వరూప వెనక ఒక పక్కకు కూర్చుని ఉంది. దవాఖాన చేరకముందే పోయింది. ఆ తర్వాత పోలీసు స్టేషను ఆవరణలో బండిని చూశాడు. ఎడమ కాలు పైనుంచి కింది దాకా నూనె కారి, చక్రం మధ్యకు దిగి, బ్రేకు లైనర్లు వెన్న రాసినట్టు తడిసి ఉన్నాయి.

ఎడమ కాలు.

దినాల నాడు జగదీశ్వర్ వచ్చి వాకిట్లో నిలబడితే, చుట్టాలందరి ముందు అన్నాడు భిక్షపతి, "నా పెండ్లాన్ని నీ సీలు చంపింది. నవ్వుకుంట పెట్టిన సీలు." జగదీశ్వర్ తల ఎత్తి ఆయన్ని ఒకసారి చూశాడు. స్వరూప తల్లి వైపు చూశాడు. తల దించుకుని వెళ్ళిపోయాడు. కాదని ఒక్క మాట అనలేదు. తప్పు చెయ్యనివాడు అలా పోతాడా అన్నారు అందరూ. తర్వాత రెండు మూడుసార్లు కొట్టు దగ్గరికి వచ్చాడు. వచ్చినప్పుడల్లా భిక్షపతి షట్టరు దించేశాడు.

తుప్పు మెత్తబడింది. పానా వేసి, పానాకు గొట్టం తొడిగి, ఇరుసు నట్టు తిప్పాడు. కీచుమని తిరిగింది. చెక్క సుత్తితో ఇరుసును అవతలికి తట్టి చక్రం దించాడు. హ్యాండిలు దగ్గర బ్రేకు తీగ విడదీయబోతే, తీగలన్నీ కలిపి కట్టిన పురికొస అడ్డం వచ్చింది. ముడి తిరగేసి ఉంది. జగదీశ్వర్ ముడి. అతని కుడి చూపుడువేలు చివర ఎప్పుడో చైనులో పడి తెగిపోయింది. ముడులన్నీ ఎడమ చేత్తో వేసేవాడు, అందుకే అద్దంలో చూసినట్టు తిరగబడి పడేవి. బ్లేడుతో కోసి పారేశాడు.

బ్లేడు ఆయన పాత స్నేహితుడు. స్వరూప గుడికి పోయినప్పుడల్లా బండి హ్యాండిలుకు ఏదో ఒకటి కట్టేది. దారమో, వేపరెమ్మో, నిమ్మకాయో. మరునాడు పొద్దున ఆయన దాన్ని కోసేసేవాడు. నడిచే భాగం దగ్గర దారప్పోగు కూడా ఉండకూడదు, అది పని నియమం. ఆమెకు అలా చెప్పలేదు. బండి ఏమన్న గుడా, నాకు అక్కర్లేని ముడులు కట్టకు అన్నాడు. పిల్లలు కలగలేదు, ఆ దారాలన్నీ ఏం చేసినయ్ అని కూడా అన్నాడొకసారి. ఆ తర్వాత ఆమె కట్టడం మానేసింది. మానేసిందనే అనుకున్నాడు.

ముందు తన వంతు కుడి కాలు విప్పాడు. అడుగు స్క్రూ తీస్తే చిక్కటి నూనె డబ్బాలోకి జారింది. ఇన్నేళ్ళయినా చుక్క పోలేదు. పై నట్టు వదిలించి, కింద పట్టు బోల్టు వదులు చేసి, పైపును మెలితిప్పుతూ లాగాడు. వంగిన పైపు కదా, బయటికి రావడానికి మొరాయించింది. మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పళ్ళు బిగబట్టి లాగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఈ పనికి ఎదుట ఇంకో మనిషి ఉండాలి. పైన హ్యాండిలు పట్టుకునేవాడు ఉండాలి. ఎదుటి పీట ఖాళీగా ఉంది. అసలు అక్కడ పీటే లేదు.

పైపు వచ్చింది. సీలు చూశాడు. సరిగ్గా ఉంది. తాను వేసింది, ఎందుకుండదు.

పానాల పెట్టె కింద ఫోను మోగింది. మోగనిచ్చాడు. మళ్ళీ మోగింది. చేతులు నూనెగా ఉన్నాయి. అది సాకని ఆయనకూ తెలుసు. కాసేపటికి పురుషోత్తం కొట్టులో ఫోను మోగింది. సేటు గడప దగ్గరికి వచ్చి, చెవికి ఫోను పెట్టుకునే అడిగాడు.

"జగదీశ్వర్ కొడుకు నందు. వస్తున్నవా అని అడుగుతుండు. ఏం చెప్పాలె?"

"పనిల ఉన్న. అయినంక వస్తనని చెప్పు."

పురుషోత్తం కొట్టులోకి నడుస్తూ ఫోనులో చెబుతున్నది వినిపించింది. గా పాత యెజ్డీ లేదా, దాని ఫోర్కు విప్పుతుండు బిడ్డా, ఒక కాలు అయింది, ఇంకోటి అయినంక వస్తడంట.

మధ్యాహ్నం అన్నం తినలేదు. ఎడమ కాలు దగ్గర కూర్చున్నాడు. అడుగు స్క్రూ తీశాడు. చుక్క రాలేదు. మొత్తం ఎప్పుడో కారిపోయింది. ఆ ఎండిన రంధ్రాన్ని చూస్తే ఆయనకు ఒక రకమైన తృప్తి కలిగింది. చూశావా అన్నాడు, ఎవరితోనో.

ఇది తన కుడి కాలు సతాయించినంత సతాయించలేదు. పైపు సగం లాగాక రబ్బరు బూటు అడ్డుపడింది. పైపు చుట్టూ మడతలు మడతలుగా ఉండి, సీలు మీద దుమ్ము పడకుండా కాపాడే తొడుగు అది. ఎండకూ వయసుకూ బెల్లం పాకంలా గట్టిపడింది. బ్లేడుతో నిలువుగా చీల్చాడు. తొడుగు రెండుగా తెరుచుకుంది.

లోపల, సరిగ్గా సీలు నోటి దగ్గర, నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. మడ్డి గడ్డ అనుకుని స్క్రూలు తిప్పే పేచ్‌కస్ మొనతో కదిపాడు. రాలేదు. దానికి దారం ఉంది. దారం పైపు చుట్టూ రెండు మెలికలు తిరిగి ముడి పడి ఉంది. పోగులు పోగులుగా చితికి, ఆ పోగులు సీలు పెదవి కిందికి దూరి, పెదవిని ఒక పక్క చీల్చేశాయి.

గడ్డను వేళ్ళ మధ్య పట్టుకుని బనీను గుడ్డతో తుడిచాడు. చిటికెనవేలంత ఉంది. కణుపులు తగిలాయి. బొటనవేలి గోరుతో గీరాడు. నలుపు కింద పసుపు.

పసుపు కొమ్ము.

ముడిని వెలుతురులోకి తిప్పి చూశాడు. తిరగబడి ఉంది.

రోడ్డు మీద ఉప్పుగూడ వైపు పోయే బస్సు హారను కొట్టింది. ఎవరో వచ్చి పంచరు వేస్తారా అని అడిగి, జవాబు రాక వెళ్ళిపోయారు.

తర్వాత, మిగిలిన పని చేశాడు. విప్పడం మొదలుపెట్టినవాడు విప్పి తీరాలి. సీలును పట్టి ఉంచే నట్టు తిప్పి, చీలిన సీలును బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. స్ప్రింగు ఉన్న పెదవి కిందికి, నూనె వైపు ఉండాలి. కిందికే ఉంది. తలకిందులు కాలేదు. చుట్టూ అంచు ఎక్కడా నలగకుండా సాపుగా కూర్చున్న గుర్తు ఉంది. పక్కన తన కాలు సీలు పెట్టి చూశాడు. తనదాని అంచు ఒక చోట సుత్తి దెబ్బకు కొద్దిగా నొక్కుకుపోయింది. జగదీశ్వర్‌దే బాగుంది.

ఇక మిగిలినది విప్పక్కర్లేకుండానే కనిపించింది. హ్యాండిలుకు కడితే మొగుడు కోసేస్తాడు. కనిపించని చోట కట్టాలి. రబ్బరు బూటు తొడగకముందే కట్టాలి. మొగుడు నల్లా దగ్గరికి పోయాడు. కట్టవా తమ్ముడూ అని స్వరూప అడిగి ఉంటుంది. వద్దొదినా, నడిచే భాగమది అని జగదీశ్వర్ తల అడ్డంగా ఊపి ఉంటాడు. ఆమె బతిమాలి ఉంటుంది. నవ్వి, సరే అని ఉంటాడు. పైన, ఎంత పైకి అందితే అంత పైన, బిగించే కట్టి ఉంటాడు. పనివాడు కదా. కాని గుంతల రోడ్ల మీద బూటు ముడుచుకున్నప్పుడల్లా కొమ్మును ఇంతింత కిందికి తోసింది. తోసి తోసి సీలు నోట్లో పెట్టింది.

వాకిట్లో నిలబడి తల దించుకున్న రోజు జగదీశ్వర్‌కు తెలుసు. నోరు తెరిస్తే, కూతురి దినాల నాడు ఆ తల్లి ముందు, నీ బిడ్డ కట్టించిన ముడే అని చెప్పాలి. చెప్పలేదు. తన మొద్దు చేతి ముడిని ఒక్కణ్ణే మోసుకుంటూ పోయి, ఫంక్షన్‌హాలు గేటు దగ్గర కూర్చున్నాడు.

భిక్షపతికి ముందు వచ్చింది కోపమే. నాకు చెప్పొద్దారా. నాకు ఒక్కనికి చెప్పొద్దా. ఆ వెంటనే, ఎవరో మెడ పట్టి వంచినట్టు, దించిన షట్టరు గుర్తొచ్చింది. చెబితే నమ్మేవాడా? నమ్మేవాడు కాదు. చచ్చినదాని మీద కూడా ఇంకో మాట వేసి ఉండేవాడు. నవ్వుకున్నరు కదా ఇద్దరూ, అని ఉండేవాడు. ఆ మాట ఇన్నేళ్ళూ ఆయన నాలుక వెనకే ఉంది. అది అక్కడ ఉన్న సంగతి జగదీశ్వర్‌కు తెలిసే ఉంటుంది.

లేచాడు. మోకాళ్ళు పట్టేశాయి. కొమ్మును దారం నుంచి ఊడదీసి డీజిల్ పళ్ళెంలో వేశాడు, కడిగి తీసుకుపోదామని. నల్లా దగ్గర బట్టల సోడాతో చేతులు రుద్దుకున్నాడు. మోచేతుల దాకా రుద్దాడు. మేకుకు వేలాడుతున్న ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు తప్పుగా పెట్టుకుని, మళ్ళీ తీసి పెట్టుకున్నాడు. పోయి ఏమనాలో ఆలోచించలేదు. ముందు ఆటో దొరకాలి.

పురుషోత్తం సేటు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోనుంది. ఈసారి చెవికి పెట్టుకోలేదు.

"భిక్షపతీ."

"పోతున్న సేటూ. సంతోష్‌నగర్. ఈడ ఎవరన్న వస్తే లేనని చెప్పు."

"జగదీశ్వర్ పోయిండంట."

భిక్షపతి చొక్కా చేతులు మడుస్తున్నవాడు మడుస్తూనే ఉన్నాడు. ఒక మడత, ఇంకో మడత.

"ఎప్పుడు?"

"గిప్పుడే. నందు ఫోను చేసిండు." సేటు ఫోను జేబులో వేసుకున్నాడు. "ఇందాక నేను చెప్పిన గదా, నువ్వు యెజ్డీ ఫోర్కు విప్పుతున్నవని. గది వాళ్ళ నాయినకు చెప్పిండ్రంట. ఏ ఫోర్కు అని అడిగిండంట. చెప్పిండ్రు."

"ఏమన్నడు?"

"విప్పుతుండా, అయితె ఇగ నేను చెప్పేదేం లేదు, అన్నడంట. గోడ దిక్కు తిరిగి పండుకున్నడంట. మల్ల మాట్లాడలే."

భిక్షపతి తలూపాడు. ఎవరైనా బండి ఖరాబైన సంగతి చెబితే ఊపినట్టే ఊపాడు. పురుషోత్తం ఇంకేదో అడగబోయాడు గాని, ఆయన ముఖం చూసి కొట్టులోకి వెళ్ళి, ఒక కాగితం పొట్లంలో ఇంత పసుపు, ఇంత కుంకుమ కట్టి తెచ్చాడు. ఉట్టి చేతులతో పోకు అన్నాడు. భిక్షపతి పొట్లం వైపు చూసి, తీసుకోలేదు. రోడ్డు మీదికి దిగాడు. మాణిక్యమ్మ పొద్దున ఆటో ఎక్కిన చోటే నిలబడ్డాడు. ఒక ఆటో ఆగింది. ఎక్కడికి అని అడిగినట్టున్నాడు డ్రైవరు. ఈయన పెదాలు కదిలాయి. ఎక్కాడు, ఆటో వెళ్ళిపోయింది.

షట్టరు దించలేదు. వాకిట్లో యెజ్డీ ముందు కాళ్ళు రెండూ లేకుండా చెక్క దిమ్మె మీద వాలి ఉంది. కుడి కాలు పాత సంచి మీద ఒక పక్క, ఎడమ కాలు ఇంకో పక్క. రెంటికీ మధ్య డీజిల్ పళ్ళెం. అందులో మడ్డి మెల్లగా అడుక్కి దిగుతోంది. నల్లటి కొమ్ము మీద గోరు గీరిన చోట మాత్రం పసుపు, నిన్న రంగు అద్దినట్టు, అలాగే ఉంది.